సమస్యాపూరణం: "నీరు లేని పెన్న నిండ తడిసె"

పెన్నగట్టు (నిర్వాహకుడు): వచ్చే నెల పెద్ద పరుగుకి సాధన నడుస్తోంది. ఆదివారం తెల్లారకముందే నెల్లూరు వీఆర్సీ సెంటర్లో బయల్దేరి, ట్రంకు రోడ్డు మీదుగా రంగనాయకుల గుడి చూసుకుని, వంతెన దాటి కోవూరు దాకా పోయి వచ్చా. ఎక్కడా ఆగలేదు. దారంతా పక్కవాడితో కబుర్లాడుతూనే పరుగెత్తాను, అంత హాయిగా సాగింది. వంతెన నడిమధ్యలో తట్టిన పాదమిది. దీన్నే చివరి పాదంగా పెట్టుకుని పై మూడు పాదాలూ మీరు రాయాలి. పరుగు ప్రస్తావన లేని పూరణ చెల్లదు.

కావలి కుర్రోడు:
కోడి కూత వేళ కోవూరు దారిలో
వంతెనెక్కి యొకడు పరుగు తీయ
చెమట యేఱు పాఱె చిరుగాలియును లేదు
నీరు లేని పెన్న నిండ తడిసె

మూలాపేట మాస్టారు: అతిశయోక్తి బాగుంది. వీడి చెమటకే పెన్న తడిస్తే ఇక పైన సోమశిల ఆనకట్ట గేట్లు ఎత్తే పనే లేదు. కానీ నాయనా, 'తీయ' ద్రుతాంతం, అంటే చివర 'న్' దాగున్న మాట. దాని తర్వాత 'చ' 'జ'గా మారి 'జెమట' రావాలి. పాదం మొదటి అక్షరానికి నడిమధ్యలో జోడీ కుదరాలనే యతికీ అడ్డం లేదు, రాసుకోవచ్చుగా! 42.195 కిలోమీటర్ల మారథాన్‌లో ఆ చివరి 195 మీటర్లు ఎగ్గొట్టి ముగించానంటే ఒప్పుకుంటారా?

కావలి కుర్రోడు: మరి ఇచ్చిన పాదంలో 'నిండ' సంగతేంది మాస్టారూ? అదీ ద్రుతాంతమేగా, 'నిండఁ దడిసె' అనాలి. నిర్వాహకుల్ని వదిలేసి నా మీద పడ్డారేం?

పెన్నగట్టు: నిర్వాహకుడి చొక్కా ఎట్లా తడిసినా తప్పులేదు. తర్వాతి పూరణ రానీండి.

దర్గామిట్ట అక్క:
ఎండకాల మేది యేటిలోపల లేదు
ఇసుక మేట లెచట నెగసి పడియె
పరుగు ముగియు వేళ పైచొక్క యేమయ్యె
నీరు లేని పెన్న నిండ తడిసె

ఒంగోలు గిత్త: అక్కా, అదరగొట్టావు! మూడు ప్రశ్నలకీ జవాబులు ఒకే పాదంలో. అయితే 2022లో బ్యారేజీ వచ్చాక కూడా పెన్నలో నీళ్ళు లేవంటే ఎట్లా?

పెన్నగట్టు: వేసవిలో బ్యారేజీకి దిగువన నిలబడి చూడు, తెలుస్తుంది.

మూలాపేట మాస్టారు: మొదటి ప్రశ్నకి 'నీరు', రెండోదానికి 'పెన్న', మూడోదానికి 'నిండ తడిసె'. సరే. మధ్యలో ఆ 'లేని' ఎవరి బిడ్డమ్మా? అనాథగా మిగిలిపోయింది.

కావలి కుర్రోడు: మొదటి ప్రశ్న తీసేస్తే చాలు. ఇసుక మేటలెచట? నీరు లేని పెన్న. చొక్కా ఏమయ్యె? నిండ తడిసె. అతికినట్టు సరిపోతుంది. మొదటి పాదంలో పరుగు దారి చెప్పుకోవచ్చు.

దర్గామిట్ట అక్క: థాంక్స్ తమ్ముడూ, మారుస్తా. మాస్టారూ, నా 'లేని' అనాథ సరే, పోయినసారి మీ సీసంలో రొట్టెల పండగ మాటేమిటి? మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో దిగి రొట్టెలు మార్చుకునే జనాన్ని తీసుకుపోయి పెన్న రేవులో దించారు. యతి కోసం చెరువునే మార్చేశారు. మా ఇంటి నుంచి నడిచిపోయేంత దూరం కాబట్టి గుర్తుంది.

మూలాపేట మాస్టారు: అది కవిసమయం. ఇదిగో నా పూరణ.
కొలువు బరువు మోసి కొన్నేళ్ళు బీడైన
మదికి నిడుద పరుగు మబ్బు తెచ్చె
చివరి మలుపు దాటి చినుకులా నవ్వొచ్చె
నీరు లేని పెన్న నిండ తడిసె

పెన్నగట్టు: పాదం ఇచ్చినప్పుడు చొక్కా దాటి నేను పోలేదు, మీరు మనసు దాకా పోయారు. ఆ మూడో పాదం ఆదివారం నాకు జరిగిందే. తిరుగు దారిలో పిక్కలు రాళ్ళయిపోయాయి, బనీను మీద చెమట ఆరి తెల్లటి ఉప్పు చారలు కట్టింది, అయినా వీఆర్సీ మలుపు తిరగ్గానే ఊరికే నవ్వొచ్చింది. టీకొట్టు ఆయన ఏమనుకున్నాడో ఏమో, అడక్కుండానే మంచినీళ్ళ చెంబు అందించాడు. ఈ వారం మొదటి స్థానం మాస్టారిదే.

కావలి కుర్రోడు: పద్యం బాగుంది, కాదనను. కానీ సంక్రాంతి సమస్యలో నేను 'రాత్రొచ్చి' అంటే గ్రామ్యమని కొట్టేసింది మాస్టారే. ఇప్పుడు 'నవ్వొచ్చె' ఎట్లా వచ్చిందో!

మూలాపేట మాస్టారు: నవ్వు చెప్పి రాదు నాయనా.

ఒంగోలు గిత్త: ఇంతకీ మాస్టారు పరుగెత్తగా చూసినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా?

మూలాపేట మాస్టారు: నావి నాలుగు పాదాలు. మీ అందరికీ రెండేసి.

కావలి కుర్రోడు: వచ్చే ఆదివారం అయిదింటికి వీఆర్సీ దగ్గరికి రండి మాస్టారూ, ద్రుతమంటే వేగమనీ అర్థమేగా, తమరు ద్రుతమో, ద్రుతం లేని కళో అక్కడే తేలుద్దాం.