మొదటి పాస్‌పోర్టు: ఇల్లు పర్లాకిమిడిలో ఉంటే దరఖాస్తు విశాఖలో చేయవచ్చా?

ప్రశ్న: మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. ఐటీఐలో వెల్డరు కోర్సు పూర్తిచేసి ఆరేళ్లుగా పని చేస్తున్నాను. మస్కట్‌లో ఉన్న మా మేనమామ అక్కడ అవకాశం ఉందనీ, ముందు పాస్‌పోర్టు చేయించుకోమనీ చెప్పారు. మా ఇంట్లో ఇంతవరకు ఎవరికీ పాస్‌పోర్టు లేదు కనుక, తెలిసినవారిని అడుగుదామని ఇక్కడ రాస్తున్నాను.

నాకు రెండు చిక్కులున్నాయి. మొదటిది చిరునామా. మాకు భువనేశ్వర్ కన్నా విశాఖపట్నమే దగ్గర. మా అత్తవారిది పాతపట్నం. రాష్ట్రం వేరైనా, మా ఇంటి నుంచి ఆటోలో వెళ్లివచ్చేంత దూరమే. అత్తవారి చిరునామా వేస్తే విశాఖలోనే పని జరిగిపోతుందని ఒక ఏజెంటు అంటున్నాడు. అలా వేయవచ్చా?

రెండోది పేరు. నేను చదివింది ఒడియా మాధ్యమం. అక్కడ మన వకారం బకారమైపోతుంది. బడిలో చేర్చిన నాడు మా నాన్నగారు ‘వెంకటరావు’ అంటే, రిజిస్టరు రాసేవారు తమ చెవికి వినిపించినట్టు రాసుకున్నారు. దానితో కటక్ బోర్డు ఇచ్చిన పదో తరగతి సర్టిఫికెట్‌లోనూ, దాన్ని చూసి ఇచ్చిన ఐటీఐ సర్టిఫికెట్‌లోనూ ఇంగ్లీషు ‘బి’తో ‘బెంకట రావు’ అని ఉంది. ఆధార్‌లో ‘వి’తో సరిగానే ఉంది కానీ, ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా మిగిలింది. ఏ పేరుతో దరఖాస్తు చేయాలి?

సమాధానం: గుణుపురం మాస్టారు

మీ మొదటి ప్రశ్నకు అబద్ధపు చిరునామా అవసరమే లేదు. 2018 నుంచి దేశంలో ఎక్కడ నివసించేవారైనా తమకు వీలైన ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయాన్ని ఎంచుకొని దరఖాస్తు చేసుకోవచ్చు. మీరు ఆన్‌లైన్‌లో వివరాలు నింపేటప్పుడు విశాఖపట్నం కార్యాలయాన్ని ఎంచుకొని, నివాసం దగ్గర మాత్రం పర్లాకిమిడి చిరునామానే రాయండి. పత్రాల పరిశీలన విశాఖలో జరుగుతుంది; పోలీసు విచారణ మాత్రం మీరు రాసిన చిరునామాకే, అంటే గజపతి జిల్లా పోలీసులకే వెళ్తుంది. పాస్‌పోర్టు కూడా స్పీడ్ పోస్టులో ఆ ఇంటికే వస్తుంది.

ఏజెంటు మాట విని పాతపట్నం చిరునామా వేశారనుకోండి. విచారణకు వచ్చిన పోలీసులు ఇరుగుపొరుగును అడిగితే ‘అల్లుడుగారు పండగలకు వస్తారండి’ అనే కదా చెబుతారు! తప్పుడు సమాచారమిచ్చి పాస్‌పోర్టు పొందాలని చూడడం 1967 పాస్‌పోర్టు చట్టంలోని 12వ సెక్షను కింద నేరం. రెండేళ్ల వరకు జైలు గానీ, ఐదు వేల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఆ శిక్ష అనుభవించేది మీరే తప్ప ఏజెంటు కాదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పటి నుంచి మన సరిహద్దు ఇళ్లలో చుట్టరికాలు ఒక పక్క, కాగితాలు ఒక పక్క. చుట్టరికాన్ని బట్టి కాగితం రాయకూడదు, అంతే.

సమాధానం: నాగావళి (రాయగడ)

పేరు విషయం నేను చెబుతాను, ఎందుకంటే మా వారికి సరిగ్గా ఇదే జరిగింది. ఆయన పేరు వాసుదేవరావు. బడి సర్టిఫికెట్‌లో ‘బాసుదేవ్’. ఒక్క అక్షరమే కదా అని ధైర్యంగా వెళ్లాం. మొదటి కౌంటరులో ఫొటో, వేలిముద్రలు తీసుకొని కాగితాలు స్కాన్ చేసినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. రెండో కౌంటరులోని అధికారి ఆధార్‌నూ సర్టిఫికెట్‌నూ పక్కపక్కన పెట్టి, పెన్ను మొనను మొదటి అక్షరం మీద ఆనించి, తలెత్తకుండానే ‘ఈ ఇద్దరిలో మీరెవరు?’ అని అడిగారు. దరఖాస్తు పెండింగులో పడింది. ఆధార్ సరిచేయించుకొని మళ్లీ వెళ్లవలసి వచ్చింది.

నా సలహా ఏమిటంటే, మీ పదో తరగతి, ఐటీఐ సర్టిఫికెట్లు రెండూ ‘బి’తో ఉన్నాయి కనుక ఆధార్‌నూ, పాన్‌నూ, బ్యాంకు ఖాతానూ వాటికి సరిపోయేలా మార్చుకోండి. రేపు మస్కట్ వీసా కోసం మీ చదువు పత్రాలను ధ్రువీకరించవలసి వస్తే, పాస్‌పోర్టులోని పేరునూ సర్టిఫికెట్‌లోని పేరునూ పోల్చి చూస్తారు. ఆధార్‌లో పేరు మార్పు జీవితకాలంలో రెండుసార్లే అనుమతిస్తారు కనుక, ఇంటిపేరును పూర్తిగా రాయించడమూ అక్షరం సరిచేయించడమూ ఒకేసారి చేయించుకోండి. పాస్‌పోర్టు దరఖాస్తులో పొడి అక్షరాలు ఒప్పుకోరు. ఇంటిపేరు గడిని ఖాళీగా వదలడం కూడా మంచిది కాదు. ఒకే పేరు ఉన్న పాస్‌పోర్టుతో సందర్శక వీసా మీద వచ్చేవారిని అనుమతించబోమని 2022 నవంబరులో యూఏఈ ప్రకటించింది.

ఇంకొక మాట. పోలీసు విచారణ రోజుల్లో ఊళ్లోనే ఉండండి. మేము పెళ్లికని పార్వతీపురం వెళ్లిన రోజునే కానిస్టేబుల్ వచ్చి, తలుపుకు తాళం చూసి వెళ్లిపోయారు. ఇంట్లో లేరని నివేదిక పోయింది. రెండోసారి విచారణ జరిపించాలని విన్నవించుకోవడానికి పట్టిన కాలం, మొదటి దరఖాస్తుకు పట్టిన కాలం కన్నా ఎక్కువ.

సమాధానం: గుణుపురం మాస్టారు

నాగావళి గారి సలహాతో నాకు పూర్తి ఏకీభావం లేదు. తప్పు రాసింది బడిలో. ఆ తప్పుకు తగినట్టు ఒప్పును మార్చుకోవడం నాకు రుచించదు. బడి ద్వారా బోర్డుకు రాసి సర్టిఫికెట్‌నే దిద్దించుకోవచ్చు. కాకపోతే అది ఓపికతో కూడిన పని, తిరగవలసింది కటక్. మీకు తొందర లేకపోతేనే ఆ దారి పట్టండి. ఏ దారైనా పాస్‌పోర్టుకు ముందే తేల్చుకోండి. చేతికొచ్చాక పేరు మార్చాలంటే మళ్లీ రుసుము కట్టి రీ-ఇష్యూకు వెళ్లాలి.

మరుప్రశ్న: మహేంద్రతనయ

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆ ఏజెంటు పాస్‌పోర్టుకు ఎనిమిది వేలు అడిగాడు. అసలు రుసుము ఎంత? పదో తరగతి సర్టిఫికెట్ చూపకుండా ఒక్క ఆధార్‌తో ముగించుకుంటే పేరు గొడవే ఉండదు కదా?

సమాధానం: గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాడు (బరంపురం)

36 పేజీల సాధారణ పాస్‌పోర్టుకు 1,500 రూపాయలు, తత్కాల్ అయితే మరో 2,000. పెద్దవాళ్లకు పదేళ్లు చెల్లుతుంది. ఆ రుసుమును మీరే ప్రభుత్వ వెబ్‌సైటులో కట్టి స్లాటు తీసుకోవచ్చు. ఫారం నింపడం కష్టమైతే జనసేవా కేంద్రంలో కొద్దిపాటి ఖర్చుతో నింపిస్తారు. అచ్చం ప్రభుత్వ సైటులాగే కనిపించే దొంగ సైట్లు చాలా ఉన్నాయి కనుక, చిరునామా చివర ‘గవ్ డాట్ ఇన్’ ఉందో లేదో చూసి మరీ డబ్బు కట్టండి.

సర్టిఫికెట్ దాచే ఆలోచన మాత్రం మానుకోండి. పదో తరగతి పాసైనట్టు చూపకపోతే మీ పాస్‌పోర్టు మీద వలస అనుమతి అవసరమన్న ముద్ర పడుతుంది. దాన్నే ఈసీఆర్ అంటారు. ఆ ముద్ర ఉన్నవారు పనికి వెళ్లాలంటే అనుమతి కావలసిన దేశాల జాబితాలో, మస్కట్ ఉన్న ఒమన్ కూడా ఉంది. ఉద్యోగానికి వెళ్లేటప్పుడు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ (వలస కార్మికుల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ అధికారి) అనుమతి తెచ్చుకుంటే తప్ప విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ దాటనివ్వరు. చేతిలో పదో తరగతి సర్టిఫికెట్ ఉండి ఆ పాట్లు ఎందుకు? నేను ఎనిమిదో తరగతితో ఆపినవాణ్ని; ఆ అనుమతి కోసం తిరిగిన తిరుగుడు నాకు తెలుసు.

మహేంద్రతనయ

మామయ్య రెండు నెలల గడువు చెప్పారు కనుక బోర్డు చుట్టూ తిరిగే వ్యవధి నాకు లేదు. మాస్టారు గారు మన్నించాలి. సోమవారం ఆధార్ కేంద్రానికి వెళ్లి ఇంటిపేరు పూర్తిగా, పేరు ‘బి’తో మార్పించుకుంటాను. మార్చిన కార్డు చేతికి వచ్చాకే విశాఖలో స్లాటు తీసుకుంటాను, పర్లాకిమిడి చిరునామాతోనే. ఇంట్లో ఈ సంగతి చెబితే, ఇన్నాళ్లూ పిలిచిన పేరు మార్చి పిలవాలా అని మా అమ్మ అడుగుతోంది.