అప్‌డేట్: మోడల్ టి చెక్క స్టీరింగ్ పని పూర్తయింది

మా 1917 ఫోర్డ్ మోడల్ టి కారు స్టీరింగ్‌లో చెక్క అంచు అతుకుల దగ్గర విడిపోయి, పాత నల్ల పూత పొలుసులుగా లేస్తోందని, బండి మీదే ఉంచి బాగు చేయొచ్చా అని అడిగాను కదా. ఊడదీయమన్నారు, తీశాను. సుత్తి వాడొద్దని చెప్పినవాళ్లకు దండం. ఈ బండిలో స్టీరింగ్ గేర్లు చక్రం కిందే, కాలమ్ (స్టీరింగ్‌ను మోసే గొట్టం) పైభాగంలో ఉంటాయి, సుత్తితో కొడితే అవి దెబ్బతినొచ్చు. పుల్లర్‌తో (చక్రాన్ని పట్టి పైకి లాగే పనిముట్టుతో) మెల్లగా వచ్చేసింది.

పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చని పొడిగా రుద్దలేదు, స్ట్రిప్పర్‌తో (పెయింట్‌ను మెత్తబరిచి ఊడదీసే మందుతో) తీశాను. కింద చెక్క చేతి జిడ్డు పీల్చుకుని నల్లబడింది. జిడ్డు మీద ఎపాక్సీ జిగురు పట్టదు, అందుకే గుడ్డకు మురికి అంటనంతవరకూ థిన్నర్‌తో తుడుస్తూనే ఉన్నా. అతుకుల్లో పల్చటి ఎపాక్సీ దించి క్లాంపులు బిగించాను. మరీ బిగిస్తే జిగురంతా బయటికొచ్చేస్తుంది, జాగ్రత్త. తర్వాత 120, 180, 220 నంబర్ల ఉప్పుకాగితంతో రుద్దాను, చెక్క నారల వెంటే.

ఇంట్లో సోఫాకు కొట్టే వార్నిష్ ఎండకు ఆగదు. పడవలకు వాడే స్పార్ వార్నిష్ పల్చగా ఆరు కోట్లు వేసి, మధ్యమధ్యలో 400 నంబర్ ఉప్పుకాగితంతో తడిగా రుద్దాను. మళ్లీ నల్ల రంగే వేయాలని పట్టుబట్టినవాళ్లు క్షమించాలి, ఆ నారల అందం చూశాక మనసొప్పలేదు.

చక్రం మధ్య నుంచి అంచుకు వెళ్లే ఇనుప ఆకులకు మాత్రం నలుపే. స్టీరింగ్ కింద ఉండే థ్రాటిల్ లీవర్ (ఇంజిన్ వేగం పెంచే, తగ్గించే చేతి మీట) ఇంకా కాస్త వదులుగా ఉంది, అది వచ్చేవారం చూస్తాను.