గ్రానైట్ టన్నెల్‌లో పుల్ 65 శాతం దాటడం లేదు, కట్‌లో ఏం మార్చాలి?

ఫేస్ ఇంజినీర్:
నమస్కారం. పాలమూరు వైపు గట్టి గ్రానైట్ నైస్. డీ ఆకారం టన్నెల్, 6 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల ఎత్తు, ఫేస్ (తవ్వే ఎదుటి రాతిగోడ) సుమారు 32 చదరపు మీటర్లు. 45 మి.మీ. హోల్స్ 3.5 మీటర్ల లోతు కొడుతున్నాం. బర్న్ కట్ (ముందుగా పేలి మిగతా రాయికి చోటిచ్చే హోల్స్ గుంపు) మధ్యలో 89 మి.మీ. ఖాళీ హోల్ ఒకటే, దానికి 20 సెం.మీ. దూరంలో చుట్టూ నాలుగు మందు హోల్స్. రౌండుకు (ఒకసారి హోల్స్ కొట్టి పేల్చడానికి) 150 కిలోల ఎమల్షన్ మందు పడుతోంది. నోనెల్ (కరెంటు లేని డిటొనేటర్లు) వాడుతున్నాం, కట్‌లో 25 మిల్లీసెకన్ల డిలేలు (పేలుళ్ల మధ్య వ్యవధి) వరస నంబర్లలో వేస్తున్నాం. పుల్ (ఒక రౌండులో ఊడే లోతు) 2.3 మీటర్లే వస్తోంది, కట్ దగ్గర మీటరు పైన సాకెట్లు (ఊడకుండా మిగిలిన హోల్ అడుగులు) మిగులుతున్నాయి. మందు పెంచమని పైవాళ్లు అంటున్నారు. పెంచితే పని జరుగుతుందా?

కట్ డిజైన్:
పెంచకండి. 3.5 మీటర్లకు లెక్కేస్తే ఘనపు మీటరుకు 1.34 కిలోలు, ఈ ఫేస్‌కు అది తక్కువేమీ కాదు. ఊడేది 2.3 మీటర్లే కాబట్టి అసలు ఖర్చు 2 కిలోలు దాటుతోంది.

తేడా ఖాళీ హోల్ దగ్గరే ఉంది. దాని వ్యాసాన్ని మీటర్లలో తీసుకుని 34.1తో గుణించి, 0.15 కలిపి, వ్యాసం వర్గానికి 39.4 రెట్లు తీసేయండి. 95 శాతం పుల్ ఆశించదగ్గ లోతు వస్తుంది. 89 మి.మీ.కి అది 2.87 మీటర్లే, మీరు 3.5 కొడుతున్నారు. పక్కపక్కన రెండు 89లు వేస్తే 126 మి.మీ. ఒక్కదానితో సమానం, లోతు 3.8 మీటర్ల దాకా లాగుతుంది.

మొదటి నాలుగు హోల్స్ ఖాళీ వ్యాసానికి ఒకటిన్నర రెట్ల దూరంలో ఉండాలి. ఒక 89కి 13 సెం.మీ., జతకు 19. రెండింతలు దాటితే రాయి చితుకుతుంది గానీ బయటికి రాదు. రెండో రీమర్ (పెద్ద ఖాళీ హోల్) వేస్తే మీ 20 సెం.మీ.ని 19కి తెస్తే చాలు.

బ్లాస్టింగ్ ఫోర్‌మన్:
డిలే కూడా చూడండి. కట్‌లో రాయి సెకనుకు 50–60 మీటర్ల వేగంతో వస్తుందనుకున్నా, 3.5 మీటర్ల గుంత ఖాళీ కావడానికి 60–70 మిల్లీసెకన్లు కావాలి. 25కే పక్క హోల్ పేలితే పొడి అక్కడే బిగుసుకుపోతుంది. మధ్యలో రెండేసి నంబర్లు వదిలి 75 వచ్చేలా వేయండి, 100 అయితే ఇంకా మంచిది. కట్ దాటాక లాంగ్ డిలే.

సాకెట్ నీళ్లతో కడిగి చూడండి. గట్టిపడ్డ తెల్లని పొడి ఉంటే కట్ గడ్డకట్టినట్టు. కాలని ఎమల్షన్ ముద్ద కనిపిస్తే పక్క హోల్ ఒత్తిడికి మందు చచ్చిపోయినట్టు.

ఫేస్ ఇంజినీర్:
సర్, రెండు మూడు సాకెట్లలో ముద్ద ఉంటోంది. హోల్స్ నోటి దగ్గర మాత్రం గీసిన గుర్తుల మీదే ఉంటున్నాయి.

బ్లాస్టింగ్ ఫోర్‌మన్:
ముద్ద ఉన్న సాకెట్‌ను మిస్‌ఫైర్‌గానే (పేలకుండా మిగిలిన మందుగానే) చూడాలి. రంగుతో గుర్తు పెట్టి, బ్లాస్టర్ సరేననే దాకా జంబోను (డ్రిల్లింగ్ బండిని) ఫేస్‌కు రానివ్వకండి. ఖాళీగా కనిపించినా సాకెట్‌లో రాడ్ పెట్టొద్దు. ప్రతి రౌండుకూ కట్‌ను ఎడమకో కుడికో జరపండి.

జంబో పని తెలిసినవాడు:
నోటి దగ్గర సరిపోతే చాలదండీ. ఒక డిగ్రీ వాలితే 3.5 మీటర్ల అడుగున 6 సెం.మీ. తేడా. 19 సెం.మీ.లో అది మూడో వంతు. రీమర్ ముందు కొట్టి, అందులో పైపు నిలబెట్టి, దానికి సమాంతరంగా మిగతా కట్ హోల్స్ కొట్టించండి. ఫేస్ ఎగుడుదిగుడుగా ఉంటే రాడ్ పొడవు చూసి ఆపకూడదు, అన్ని హోల్స్ అడుగూ ఒకే తలంలోకి రావాలి. పైపుతో గాలి కొట్టి బురద తీశాక కర్రతో లోతు కొలవండి, కింది వరసలో మరీ ముఖ్యం. ప్రైమర్ (డిటొనేటర్ గుచ్చిన మందు) అడుగునే, నోట్లో 40 సెం.మీ. బంకమట్టి. మట్టి మానేస్తే గ్యాస్ ముందే తప్పించుకుంటుంది.

అన్నీ ఒకే రౌండులో మార్చకండి. ముందు రెండో రీమర్, తర్వాత డిలే. ప్రతి సాకెట్ లోతూ ఫేస్ బొమ్మ మీద రాసుకుంటే, ఏ మూల తేడా కొడుతోందో నాలుగైదు రౌండ్లలో కనబడుతుంది.