టీవీకి వైఫై కనెక్ట్ అవుతోంది కానీ నెట్ రావట్లేదు, ఫోన్లో మాత్రం బాగానే వస్తోంది

తెనాలి అబ్బాయి:
అందరికీ నమస్కారం. తెనాలిలో అమ్మ ఒక్కతే ఉంటుంది, నా ఉద్యోగం హైదరాబాద్‌లో. అమ్మ దగ్గర ఉన్నది 43 అంగుళాల ఆండ్రాయిడ్ టీవీ, కొని ఆరేళ్లయింది. మంగళవారం రాత్రి గాలివానకి కరెంటు పోయి తెల్లవారుజామున వచ్చింది, అప్పటి నుంచి టీవీలో యూట్యూబ్ లేదు, సీరియళ్లు లేవు. వైఫై పేరు కనిపిస్తుంది, పాస్‌వర్డ్ తీసుకుంటుంది, ఆ తర్వాత పేరు కింద 'కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు' అని వచ్చి కూర్చుంటుంది. అదే వైఫై మీద అమ్మ నాకు వీడియో కాల్ చేసి టీవీ చూపించింది, కాబట్టి లైన్‌లో తేడా లేదనే అనుకుంటున్నా. రౌటర్ ఆపి పెట్టాం, టీవీలో నెట్‌వర్క్ తీసేసి మళ్లీ కలిపాం, ఏం లాభం లేదు. మెకానిక్ వచ్చి బోర్డు పోయింది, మార్చడానికి ఆరు వేలవుతుంది అన్నాడట. నేను శనివారం వస్తున్నా, అప్పటిదాకా ఆగమ్మా అని ఆపాను. ఇప్పుడు టీవీ ముందే ఉన్నాను. ఫ్యాక్టరీ రీసెట్ కొట్టేయమంటారా?

పాత రేడియో:
రీసెట్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. యాప్‌లన్నిటిలో లాగిన్లు పోతాయి, మళ్లీ అవన్నీ పెట్టుకోవాలంటే ఆ రిమోట్‌తో ఒక్కో అక్షరం కొట్టుకుంటూ గంట పడుతుంది, పైగా అసలు కారణం ఏమిటో తెలియకుండానే పోతుంది. ముందు తప్పు టీవీదా రౌటర్‌దా తేల్చుకోండి. మీ ఫోన్లో మొబైల్ డేటాతో హాట్‌స్పాట్ ఆన్ చేసి టీవీని దానికి కలపండి. వైఫై సిగ్నల్ 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు రకాల్లో వస్తుంది, హాట్‌స్పాట్ 2.4లో ఉండేలా చూసుకోండి, కొన్ని టీవీలకి 5 గిగాహెర్ట్జ్ అసలు కనిపించదు. నెట్ వచ్చిందంటే రౌటర్ సంగతి చూడాలి. ఇదే మాట మళ్లీ వచ్చిందంటే తేడా టీవీలోనే ఉంది. అయినా బోర్డు పోయిందని మాత్రం నేను నమ్మను, వైఫై భాగం చెడిపోతే చుట్టుపక్కల పేర్లు చూపించి, పాస్‌వర్డ్ తీసుకుని, కనెక్ట్ అవడం దాకా రాదు.

తెనాలి అబ్బాయి:
చేశాను అన్నా. హాట్‌స్పాట్‌కి కూడా కనెక్ట్ అయింది, మళ్లీ అదే 'ఇంటర్నెట్ లేదు'. ఒక్కటి గమనించాను, హోమ్ స్క్రీన్‌లో పైన కుడివైపు టైమ్ తప్పుగా చూపిస్తోంది. ఇప్పుడు సాయంత్రం ఆరవుతుంటే అందులో ఉదయం 5:42.

వరంగల్ వైర్లు:
దొరికింది చూడండి! ఆ టైమ్ ఒక్కటే కాదు, తేదీ కూడా చూడండి, ఏదో పాత సంవత్సరం ఉంటుంది. చాలా టీవీల్లో కంప్యూటర్‌లో ఉన్నట్టు గడియారానికి విడిగా చిన్న బ్యాటరీ ఉండదు, కరెంటు పూర్తిగా పోతే తేదీ వెనక్కి వెళ్లిపోతుంది. మామూలుగా నెట్ అందగానే టైమ్ తనంతట తనే తెచ్చుకుంటుంది, కానీ ఒక్కోసారి అది కుదరదు. ఇక ఇప్పుడు ఏ సైట్‌కి వెళ్లినా అవతలి సర్వర్ తను అసలుదేనని సర్టిఫికెట్ చూపిస్తుంది, దానిమీద ఈ తేదీ నుంచి ఈ తేదీ వరకు చెల్లుతుందని ఉంటుంది. ఆర్టీసీ పాస్ లాగే అనుకోండి. టీవీ లెక్కలో ఆ పాస్ మొదలయ్యే రోజే ఇంకా రాలేదు, అందుకని ఒప్పుకోదు. నెట్ ఉందా లేదా అని టీవీ చేసుకునే పరీక్ష కూడా అలాగే ఫెయిల్ అయి 'ఇంటర్నెట్ లేదు' అంటుంది. సెట్టింగ్స్‌లో డివైస్ ప్రిఫరెన్సెస్, అందులో డేట్ అండ్ టైమ్ ఉంటుంది (కొన్నిట్లో సిస్టమ్ కింద). ఆటోమేటిక్ ఆఫ్ చేసి, టైమ్ జోన్ ఇండియా పెట్టి, తేదీ, టైమ్ చేత్తో సరిచేయండి. నెట్ వచ్చాక ఆటోమేటిక్ మళ్లీ ఆన్ చేయండి.

కాకినాడ కోడలు:
ఈ చర్చ వెతుక్కుంటూ వచ్చేవాళ్ల కోసం ఇంకొకటి చెప్తాను. తేదీ సరిగ్గానే ఉండి, అసలు వైఫై పేరే లిస్టులో రాకపోతే రౌటర్‌లో వైఫై ఛానెల్ (సిగ్నల్ నడిచే దారి నంబరు) చూడండి. మా మరిది అమెరికా నుంచి తెచ్చిన, టీవీకి గుచ్చే స్ట్రీమింగ్ స్టిక్‌కి ఇంట్లో అన్ని ఫోన్లకీ కనిపించే వైఫై కనిపించలేదు, రెండు రోజులు అది పాడైందనే అనుకున్నాం. తీరా రౌటర్ 13వ ఛానెల్‌లో ఉంది, అక్కడి వస్తువులు మామూలుగా 2.4లో 11 దాటి వెతకవు. 6కి మార్చగానే వచ్చింది. పేరు కనిపించి పాస్‌వర్డ్ దగ్గర ఆగిపోతుంటే రౌటర్‌లో వైఫై సెక్యూరిటీ రకం డబ్ల్యూపీఏ3లో ఉందేమో చూసి డబ్ల్యూపీఏ2కి మార్చండి, పాత టీవీలకి కొత్తది అర్థం కాదు. టీవీ వెనక యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్క్ పెట్టుకున్నవాళ్లు ఒకసారి దాన్ని పీకి చూడండి, దాని రొద 2.4 సిగ్నల్ మీద పడుతుంది.

తెనాలి అబ్బాయి:
వచ్చేసింది!! తేదీ 2018 జనవరి 1 అని ఉంది. సరిచేసి వెనక్కి వచ్చేలోపే 'ఇంటర్నెట్ లేదు' పోయి ఉత్త 'కనెక్టెడ్' అయింది. ఆరు వేలు మిగిలాయి, అంతకంటే అమ్మ నాలుగు రోజులుగా సాయంత్రాలు ఖాళీ టీవీ ముందు కూర్చుందన్న బాధ తగ్గింది. వైర్లు అన్నకీ, రేడియో గారికీ చాలా థ్యాంక్స్. అమ్మకి రాత్రి పడుకునే ముందు గోడ దగ్గర స్విచ్‌లన్నీ తీసేసే అలవాటు ఉంది, మళ్లీ ఇలా అవుతుందా?

వరంగల్ వైర్లు:
అవ్వొచ్చు. ఉరుములు మెరుపులు ఉంటే స్విచ్ తీసేయమనండి, అది మంచి అలవాటే. మిగతా రోజుల్లో రిమోట్‌తో ఆపి వదిలేస్తే గడియారం నిలుస్తుంది. తేదీ మార్చే వరసని ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి, ఏ బటన్ ఎన్నిసార్లు నొక్కాలో కూడా వేసి, టీవీ పక్కన అంటించి రండి.

తెనాలి అబ్బాయి:
రాశాను. పక్కన కూర్చోబెట్టి రెండుసార్లు అమ్మ చేతే చేయించాను, రెండోసారి కాగితం చూడకుండా చేసింది.