స్పైడర్ బాల్ పైథాన్ తల వణుకు: జతలు చూసి కలిపితే పోతుందా?

పసుపుపొలుసు:
స్పైడర్లంటే వీపు మీది పట్టీలు సాలెగూడులా సన్నగా ఉండే బాల్ పైథాన్ కొండచిలువలు. అవన్నీ ఒకేలా వణకవు. కొన్నిటికి ఎలుకను చూసినప్పుడే తల అదురుతుంది. కొన్ని మెడ మెలితిప్పుకుని తలకిందులుగా ఉండిపోతాయి. తక్కువ వణికేవాటినే ఏరి, నాలుగైదు తరాలు మామూలు పాములతో కలుపుతూ పోతే ఇది తగ్గాలి కదా? రంగు కోసం ఇంత ఓపిక పట్టేవాళ్లం, దీనికెందుకు పట్టకూడదు?

గుడ్లపెట్టె:
ఆ ప్రయత్నం ఎప్పుడో జరిగిపోయిందండి. స్పైడర్ వంశం 1999లో ఆఫ్రికా నుంచి అమెరికా చేరిన ఒక్క పాముతో మొదలైంది. ఇది బహిర్గత లక్షణం, తల్లి నుంచో తండ్రి నుంచో ఆ జన్యువు ఒక్క కాపీ అందినా చాలు, స్పైడర్ అవుతుంది. అందుకే మొదటినుంచీ ఎక్కువగా వేరే వంశాల పాములతోనే కలుపుతున్నారు. వణుక్కి కారణం పక్కనున్న వేరే జన్యువైతే, ఇన్ని తరాల్లో ఎక్కడో ఒకచోట రెండూ విడిపోయి, వణుకు లేని స్పైడర్ వంశం నిలిచేది. అలాంటిది రాలేదు. వీపు మీది నల్లటి పట్టీలను సాలెగూడు దారాల్లా సన్నబరిచే జన్యువే లోచెవినీ చెడగొడుతోంది. 2022లో ప్రచురించిన సీటీ స్కాన్ పరిశీలనలో ఈ పాముల అర్ధవర్తుల కుల్యలు, సాక్యులస్ వికృతంగా ఉన్నట్టు తేలింది. తల నిలకడ చూసుకునే భాగాలు అవే. మీరు ఏరుతున్నది తీవ్రతను మాత్రమే. కాస్త అదిరే తండ్రికి తలకిందులయ్యే పిల్ల పుడుతూనే ఉంటుంది.

వెచ్చనిగూడు:
పొదిగే వేడి ఎక్కువైనా వెన్ను వంకర్లు, తల అదురు వస్తాయి. ముందు థర్మోస్టాట్ సరిచూసుకోవాలి.

గుడ్లపెట్టె:
సరిచూడాల్సిందే, కానీ ఇది అది కాదు. ఒకే డబ్బాలో, 31.5 డిగ్రీల దగ్గర పొదిగిన గుడ్లలో స్పైడర్ పిల్లలకే అదురుతుంది, పక్కనే పుట్టిన మామూలు పిల్లలకు అదరదు. తప్పు వేడిదైతే రెండు రకాలకూ రావాలి.

రెండుకాపీలు:
ఇంకో లెక్క కూడా ఉంది. స్పైడర్‌ను స్పైడర్‌తో కలిపితే నాలుగింట ఒక గుడ్డులో రెండు కాపీలుండాలి. అలాంటి పిల్ల పెద్దదై మామూలు పాముతో కలిస్తే పిల్లలన్నీ స్పైడర్లే పుట్టాలి. ఒకే కాపీ ఉన్న పాముకు వరసగా ఏడు పిల్లలూ స్పైడర్లే పుట్టే అవకాశం 128లో 1, కాబట్టి రుజువుకు ఏడు పిల్లలు చాలు. అలా గట్టిగా రుజువైన పాము ఒక్కటీ లేదు. రెండు కాపీలున్నవి గుడ్డులోనే పోతున్నాయనే నా అభిప్రాయం. ఆరు గుడ్ల క్లచ్ (ఒక విడతలో పెట్టిన గుడ్లు) ఒక్కటి చూసి కాదనకండి. రెండు కాపీలున్నవి పోతే పుట్టినవాటిలో మూడింట రెండు స్పైడర్లు, బతికితే నాలుగింట మూడు; ఏది నిజమో ఆరు గుడ్లలో తేలదు.

పసుపుపొలుసు:
బ్లాక్‌హెడ్ అనే ఇంకో బాల్ పైథాన్ రకంతో కలిపితే వణుకు తగ్గుతుందంటున్నారు మరి?

గుడ్లపెట్టె:
ఆ పాము వరకు తగ్గొచ్చు. కానీ రెండూ ఒకే స్థానంలో ఉండే జన్యువులు. ఆ పామును మామూలు పాముతో కలిపితే ప్రతి పిల్లకూ ఏదో ఒకటే అందుతుంది: సుమారు సగం బ్లాక్‌హెడ్లు, సగం స్పైడర్లు. ఆ స్పైడర్లకు వణుకు మళ్లీ వచ్చినట్టే. చాంపేన్ అనే రకంతో అసలు కలపకండి, రెండు జన్యువులూ అందిన పిల్లలు దాదాపు బతకవు. అమ్మేటప్పుడు బంబుల్‌బీ, కిల్లర్‌బీ అని పేరు మాత్రం రాసి వదిలేయకండి. రెండిట్లోనూ స్పైడర్ ఉందని, తల వణుకుతుందని కొనేవాళ్లకు ముందే రాసి ఇవ్వండి.