బరువు తగ్గించే ఆపరేషన్‌కు ముందూ తర్వాతా షుగరు: మీ అనుభవాలు చెప్పండి

ఖమ్మం టీచరమ్మ
అందరికీ నమస్కారం. మా వారికి 44 ఏళ్లు, బరువు 118 కిలోలు. షుగరు వచ్చి తొమ్మిదేళ్లు దాటింది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర రెండు పూటలా వేసుకుంటారు. మధ్యాహ్నం డాపాగ్లిఫ్లోజిన్, పడుకునే ముందు ఇన్సులిన్. ఈమధ్య మూడు నెలల సగటు షుగరు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 8.9 వచ్చింది. వచ్చే నెలలో గ్యాస్ట్రిక్ బైపాస్, అంటే కడుపును చిన్న సంచిలా చేసి పేగు దిగువకు కలిపే ఆపరేషన్, చేద్దామన్నారు. దానికి ముందు రెండు వారాలు ద్రవాహారమే తీసుకోవాలట. అన్నం, రొట్టె లేకుండా ఇన్ని మందులు ఎలా వేసుకోవాలి? ఆపరేషన్ అయితే షుగరు పూర్తిగా పోతుందని చుట్టాలంతా అంటున్నారు, నిజమేనా? డాక్టరు గారి దగ్గర దొరికే సమయం తక్కువ. అనుభవం ఉన్నవాళ్లు చెబితే ప్రశ్నలు రాసుకుని వెళ్తాను.

కృష్ణలంక లక్ష్మి
అమ్మా, ఆపరేషన్ గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు కానీ ఆ ద్రవాహారం రోజుల గురించి ఎవరూ చెప్పరు. కాలేయంలో కొవ్వు తగ్గి, లోపల పని చేయడానికి చోటు దొరకాలని ఆ ఆహారం పెడతారు. నాకు స్లీవ్ చేశారు, అంటే కడుపులో చాలా భాగం కోసి తీసేసే ఆపరేషన్. ముందు ప్రొటీన్ పొడి కలిపిన పాలు, పల్చటి మజ్జిగ, పప్పుకట్టు, వడకట్టిన సూపు, అంతే. అంత తక్కువ తింటూ గ్లిమిపిరైడ్, ఇన్సులిన్ పాత మోతాదులోనే తీసుకుంటే షుగరు పడిపోక తప్పదు. నాకు మొదటి రోజు నుంచే గ్లిమిపిరైడ్ ఆపించారు, ఇన్సులిన్ సగం చేశారు. అయినా ఒక తెల్లవారుజామున చెమటలు పట్టి మెలకువ వచ్చింది. మీటరులో 62. గ్లూకోజు నీళ్లు తాగాక కుదుటపడ్డాను. ఉదయం ఫోను చేస్తే ఇన్సులిన్ ఇంకా తగ్గించారు.

అందుకే నోటిమాటతో ఊరుకోకండి, కాగితం మీద రాయించుకోండి. పరగడుపున షుగరు ఎంత ఉంటే ఎన్ని యూనిట్లు, ఎంతకన్నా తగ్గితే అసలు వేయకూడదు, అర్ధరాత్రి అవసరమైతే ఎవరికి ఫోను చేయాలి, ఇవన్నీ అందులో ఉండాలి. కొబ్బరి నీళ్లు, పళ్ల రసాలు కూడా ద్రవాలే కదా అని కొందరు తాగేస్తారు. వాటిలో ఉన్నది చక్కెరే.

మధుమేహ నర్సు
లక్ష్మి గారు చెప్పింది అక్షరాలా నిజం. అయితే టీచరమ్మ గారూ, మీరు రాసినదాంట్లో నన్ను ఎక్కువ కలవరపెట్టింది డాపాగ్లిఫ్లోజిన్. దీన్నీ, ఎంపాగ్లిఫ్లోజిన్, కెనాగ్లిఫ్లోజిన్‌లనూ ఏ పెద్ద ఆపరేషన్‌కైనా కనీసం మూడు రోజుల ముందు ఆపాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో మందు లేబుళ్లలోనే చేర్చింది. ఈ మందులు షుగరును మూత్రంలోకి పంపేస్తాయి. పిండిపదార్థం తినకుండా వీటిని వాడితే ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు పుట్టే కీటోన్లు పేరుకుని రక్తం ఆమ్లమయం కావచ్చు. ఇందులో మోసమేమిటంటే, మీటరులో షుగరు 180 కూడా దాటకపోవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే అందరూ ఆపరేషన్ నొప్పులే అనుకుంటారు. ద్రవాహారం మొదలుపెట్టే రోజే ఆపేయాలా అని సర్జన్‌నూ, షుగరు డాక్టరునూ, మత్తు డాక్టరునూ ముగ్గురినీ అడగండి. ఒకరికి చెప్పింది మరొకరికి చేరిందని అనుకోవద్దు.

8.9 గురించి కూడా అడగండి. ఆపరేషన్ నాటికి 7 దగ్గరకు తేవాలని, చాలా ఏళ్లుగా షుగరు ఉన్నవారికి 7 నుంచి 8 మధ్య ఉన్నా సరేనని మార్గదర్శకాలు చెబుతాయి. తేదీ కాస్త వెనక్కి జరిపితే నిరుత్సాహపడకండి. షుగరు అదుపులో ఉంటే గాయం మానడం తేలిక, ఇన్‌ఫెక్షన్ భయమూ తగ్గుతుంది.

విశాఖ విశ్రాంత ఉద్యోగి
షుగరు పోతుందా అన్న ప్రశ్నకు నా జవాబు: వెనక్కి తగ్గుతుంది, చాలామందికి చాలా ఏళ్లు తగ్గే ఉంటుంది, కానీ పోయిందని లెక్కకట్టి పరీక్షలు మానకూడదు. 2021లో నిపుణులు ఒక నిర్వచనం ఇచ్చారు. షుగరు మందులన్నీ ఆపి కనీసం మూడు నెలలయ్యాక హెచ్‌బీఏ1సీ 6.5 కన్నా తక్కువ ఉంటే దాన్ని ఉపశమనం అనాలి. నయమైంది అనే మాట వాళ్లు వాడలేదు.

స్వీడన్‌లో ఆపరేషన్ చేయించుకున్నవారిని ఏళ్ల తరబడి గమనించారు. రెండేళ్లకు 72 శాతం మందిలో షుగరు ఉపశమించింది, పదిహేనేళ్లకు అది 30 శాతానికి వచ్చింది. ఆ రోజుల్లో చేసిన ఆపరేషన్లలో ఎక్కువ భాగం ఇప్పటి బైపాస్ కావు. కనుక ఆ అంకెలు మీ వారికి యథాతథంగా వర్తించవు. అయినా దిశ అదే. నాకు బైపాస్ తర్వాత కొన్నేళ్లు ఒక్క మాత్ర లేదు. తర్వాత పరగడుపు షుగరు మెల్లగా 130 దాటింది, ఇప్పుడు మెట్‌ఫార్మిన్ ఒక్కటి వేసుకుంటున్నాను. ఒకప్పుడు రోజూ రెండు పూటలా ఇన్సులిన్ పొడుచుకున్నవాణ్ణి, నా దృష్టిలో ఇది పెద్ద లాభమే. షుగరు తిరిగొస్తే రోగి తిండి అదుపులో పెట్టుకోలేదని నిందించేవాళ్లున్నారు. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలు ముందే అరిగిపోయి ఉంటే మనిషేం చేస్తాడు? షుగరు ఎన్నేళ్లుగా ఉంది, ఇన్సులిన్ దాకా వెళ్లిందా అన్నవి ఫలితాన్ని చాలావరకు నిర్ణయిస్తాయి. సీ-పెప్టైడ్ పరీక్ష చేయించారా? క్లోమంలో ఎంత శక్తి మిగిలిందో దానివల్ల ఒక అంచనా వస్తుంది.

ఖమ్మం టీచరమ్మ
సీ-పెప్టైడ్ మాట ఎవరూ ఎత్తలేదండి, అడుగుతాను. ఇంకొకటి: బరువు తగ్గకముందే, ఆసుపత్రిలో ఉండగానే షుగరు దిగిపోతుందంటున్నారు. అదెలా?

మధుమేహ నర్సు
అది నిజమే. అమెరికా సర్జన్ వాల్టర్ పోరీస్ బృందం 1995లోనే దీన్ని వివరంగా రాసింది. గ్యాస్ట్రిక్ బైపాస్ అయిన కొద్ది రోజులకే చాలామందికి ఇన్సులిన్ అవసరం లేకపోయింది. ఒక కారణం, తిండి ఒక్కసారిగా తగ్గిపోవడం. రెండోది, తిన్నది చిన్నపేగు దిగువ భాగానికి త్వరగా చేరడంతో జీఎల్‌పీ-1 అనే హార్మోను బాగా ఊరి, క్లోమాన్ని పని చేయిస్తుంది. ఇప్పుడు వారం వారం వేసుకునే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ అనుకరించేది ఈ హార్మోనునే.

అందుకే ఇంటికొచ్చాక మొదటి వారాల్లో పాత మందుల చీటీ చూసి మాత్రలు వేయకండి. గ్లిమిపిరైడ్ సాధారణంగా మళ్లీ మొదలుపెట్టరు. మెట్‌ఫార్మిన్ కొనసాగిస్తే నెమ్మదిగా కరిగే రకం కాకుండా మామూలు రకం రాయమనండి. బైపాస్ తర్వాత మాత్ర నెమ్మదిగా కరిగేందుకు పేగులో అంత దారి ఉండదు. పరగడుపున, తిన్న రెండు గంటలకు, పడుకునే ముందు షుగరు చూసి పుస్తకంలో రాయండి. బీపీ మాత్రలూ తగ్గించాల్సి రావచ్చు.

వాంతులు ఆగకపోతే ఇంట్లో కూర్చోవద్దు. బీ1 విటమిన్ లోపిస్తే మెదడు, నరాలు దెబ్బతింటాయి. అలాంటప్పుడు బీ1 ఇవ్వకుండా గ్లూకోజు సెలైన్ ఎక్కించడం ప్రమాదం. ఊళ్లోని చిన్న క్లినిక్‌కు వెళ్లినా బైపాస్ అయిందని ముందే చెప్పండి.

డాలస్ తెలుగువాడు
మొదటి ఏడాది దాటాక వచ్చే ఇబ్బంది నేను చెబుతాను. నాకు బైపాస్ అయ్యాక షుగరు బాగా కుదిరింది, మందులన్నీ ఆగాయి. తర్వాత తిన్న రెండు గంటలకు చేతులు వణకడం, కళ్లు మసకబారడం మొదలైంది. ఒక పెళ్లిలో పులిహోర, బొబ్బట్టు తిన్న తర్వాత మీటరు చూస్తే 51. చక్కెర ఒక్కసారిగా రక్తంలోకి చేరేసరికి ఇన్సులిన్ అవసరానికి మించి ఊరి షుగరును కిందికి లాగేస్తుందట. తిన్న అరగంటలోపు వచ్చే కడుపునొప్పి, విరేచనం, గుండెదడ వేరు, ఇది వేరు.

చక్కెర నోట్లో పోసుకుంటే కాసేపు లేస్తుంది, మళ్లీ పడుతుంది. మూడు టీ చెంచాల గ్లూకోజు, పావుగంట తర్వాత మళ్లీ పరీక్ష, పైకి వచ్చాక ఒక గుడ్డో కాస్త పనీరో తినమని మా డైటీషియన్ నేర్పింది. భోజనంలో ముందు గుడ్డు, పప్పు, చికెన్, తర్వాత కూర, చివర కొద్దిగా అన్నం. నీళ్లు భోజనానికి అరగంట ఎడంగా. దీనితోనే చాలా తగ్గింది. మిగిలినదానికి అకార్బోస్ ఇచ్చారు, పిండిపదార్థం నెమ్మదిగా అరిగేలా చేసే మాత్ర అది. నేను చేతికి సెన్సారు పెట్టుకుంటాను, అంకె 70కి దిగుతుంటే ఫోను మోగుతుంది. కారు నడిపేవాళ్లకు ఇది చాలా అవసరమని నా గట్టి నమ్మకం.

నిజామాబాద్ సిరి
ఆడవాళ్ల కోసం ఒక మాట. బైపాస్ తర్వాత గర్భం దాలిస్తే, షుగరు పరీక్షకని 75 గ్రాముల గ్లూకోజు తాగమంటారు. మనకది పడదు. డాలస్ అన్నగారు చెప్పినట్టే షుగరు దభాలున పడిపోవచ్చు. నాకు బదులుగా ఆరో నెల నుంచి ఇంట్లో మీటరుతో వారంపాటు తినకముందు, తిన్నాక చూసి రాయమన్నారు. ఆపరేషన్ అయిన ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం వద్దనీ ముందే చెప్పారు. ఇంకో విషయం, ఐరన్ లోపించి రక్తం తగ్గినప్పుడు హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపవచ్చు. నాకు 6.4 వచ్చింది, వేలి పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. ఐరన్ ఎక్కించాక దిగింది. విటమిన్లు, ఐరన్, కాల్షియం సిట్రేట్, బీ12 జీవితాంతం వేసుకోవాల్సినవే.

కృష్ణలంక లక్ష్మి
బీమా సంగతి చూసుకున్నారా అమ్మా? బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) 40 దాటితే, లేదా 35 దాటి అదుపులో లేని షుగరు వంటి జబ్బు ఉంటే ఈ ఆపరేషన్‌కు వర్తిస్తుందని మన దేశ బీమా నిబంధనలో ఉంది. పాత షుగరుకు పాలసీలో నిరీక్షణ గడువు ఉంటుంది, అది ముగిసిందో లేదో చూసుకోండి.

ఖమ్మం టీచరమ్మ
మీ అందరికీ చేతులెత్తి నమస్కారం. ఈ రోజు వెళ్లొచ్చాం. డాపాగ్లిఫ్లోజిన్, గ్లిమిపిరైడ్ రెండూ ద్రవాహారం మొదలైన రోజే ఆపమని రాసిచ్చారు. సీ-పెప్టైడ్‌కు రక్తం తీశారు. తేదీ మూడు వారాలు వెనక్కి జరిపారు. మా వారికి కాస్త దిగులుగానే ఉంది, నాకు మాత్రం ధైర్యం వచ్చింది. కంటి పరీక్ష రెండేళ్ల కిందట చేయించాం. ఆపరేషన్ అయ్యాక చేయిస్తే సరిపోతుందా?

మధుమేహ నర్సు
ముందే చేయించండి. ఎక్కువ కాలం ఎక్కువగా ఉన్న షుగరు ఒక్కసారిగా దిగితే కంటి రెటీనా జబ్బు కొందరిలో ముదురుతుంది. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి చూసే పరీక్ష కావాలి, అద్దాల కొట్లో చేసేది చాలదు. ఆ రిపోర్టు కాపీ సర్జన్ ఫైలులో పెట్టించండి. లోపల ఏమైనా కనిపిస్తే ఆపరేషన్ తర్వాత ఎన్ని నెలలకోసారి చూపించాలో కంటి డాక్టరునే అడగండి.