తాగి పడిపోయినవాడిని ఆసుపత్రికి చేర్చిన రూమ్మేట్లకూ సస్పెన్షనేనా?

హాస్టల్_లెక్చరర్:
ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాను, హాస్టల్ క్రమశిక్షణ కమిటీలో సభ్యుణ్ని కూడా. పోయిన నెల మా దగ్గర జరిగింది రాస్తున్నాను, మీ అభిప్రాయం కావాలి.

ఫస్టియర్ కుర్రాడు సీనియర్ గదిలో క్వార్టర్ విస్కీ దాదాపు నీళ్లు కలపకుండా అరగంటలో తాగేశాడు. అంతకుముందు అలవాటు లేదు. రాత్రి పదకొండింటికి పడిపోయాడు. రూమ్మేట్లిద్దరూ మోసుకొచ్చి మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టారు. నిమ్మకాయ పిండి నోట్లో పోశారు, మొహం మీద నీళ్లు చల్లారు, పక్కన బకెట్ పెట్టి లోపల గడియ వేసుకున్నారు. వరండాలో వార్డెన్ అడుగుల చప్పుడు వినగానే లైటు ఆర్పేశారట. తెల్లవారుజామున వాడి గొంతులో గురగుర మొదలయ్యాక భయపడి 108కి ఫోన్ చేశారు. అప్పటికే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయింది. ఐసీయూలో పెట్టారు, బతికాడు.

కమిటీ నలుగురినీ సస్పెండ్ చేసింది. తాగించిన సీనియర్‌నీ, తాగినవాడినీ, చుక్క కూడా ముట్టని రూమ్మేట్లిద్దరినీ. "తెలిసి కూడా దాచారు" అన్నది ఆ ఇద్దరి మీద అభియోగం. నేను సంతకం పెట్టలేదు. ఎందుకు చెప్పలేదురా అని అడిగితే ఒకడు, "చెప్తే వాడికి టీసీ ఇచ్చేస్తారు కదా సార్" అన్నాడు. మా రూల్ వాళ్లకు నేర్పింది అదే.

నేను కోరేది ఒక్కటే. పడిపోయినవాడి కోసం సాయం అడిగినవాళ్ల మీద, ఆ పడిపోయినవాడి మీద ఆ రాత్రికి సంబంధించి ఏ చర్యా ఉండకూడదు. ఆ మాట రాతలో ఉండాలి.

రిటైర్డ్_వార్డెన్:
లెక్చరర్ గారూ, మీ బాధ అర్థమైంది కానీ ఒప్పుకోలేను. వందలమంది పిల్లలున్న హాస్టల్‌ని భయం లేకుండా నడపడం కుదరదు. మీరు ఈ మినహాయింపు రాస్తే శనివారం రాత్రి వచ్చేసరికి "ఏమైనా అయితే ఫోన్ చేస్తే సరిపోతుంది" అనే ధీమా వస్తుంది. తాగని పిల్లల మాటేమిటి? పొద్దున్నే బాత్రూముల్లో వాంతులు, రాత్రంతా కేకలు, పరీక్ష ముందు రోజు కూడా అదే గోల. వాళ్లు నా దగ్గరికొచ్చి ఏడ్చేవాళ్లు. ఇంకోటి, మన రెండు రాష్ట్రాల్లోనూ మద్యం కొనాలంటే 21 ఏళ్లు నిండాలి. బీటెక్ చివరికి వస్తే గానీ ఎవరికీ ఆ వయసు రాదు. చట్టం వద్దన్నదాన్ని కాలేజీ చూసీచూడనట్టు వదిలేయాలా?

క్యాజువాలిటీ_డాక్టర్:
నేను ఎమర్జెన్సీలో డ్యూటీ చేస్తాను. రూల్ సంగతి మీరు తేల్చుకోండి, ముందు ఇది చదవండి.

క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. 42.8 శాతం ఆల్కహాల్ లెక్కన అందులో స్వచ్ఛమైన ఆల్కహాల్ దాదాపు 60 గ్రాములు. 8 శాతం స్ట్రాంగ్ బీరు పెద్ద సీసాలో 40 గ్రాములు దాటుతుంది. అలవాటు లేని పిల్లాడు ఖాళీ కడుపుతో అంత వేగంగా తాగితే, ఆపేశాక కూడా కడుపులో ఉన్నది రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. "పడుకుంటే దిగిపోతుంది" అనే నమ్మకమే ప్రాణం తీస్తుంది. స్పృహ లేనివాడి నోట్లో నిమ్మరసం, మజ్జిగ, కాఫీ ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. వాంతి చేయించకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, ఒంటరిగా వదలకూడదు. గట్టిగా గిల్లినా కదలకపోయినా, ఊపిరికీ ఊపిరికీ మధ్య బాగా ఎడం వచ్చినా, పెదాలు నీలంగా మారినా 108కి ఫోన్ చేయాలి. తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు.

మాకు ఎదురయ్యే ఇబ్బంది ఇంకొకటుంది. గేటు దగ్గర దింపేసి పేరు కూడా చెప్పకుండా వెళ్లిపోతారు. ఎంత తాగాడు, దాంతోపాటు మాత్రలేమైనా వేసుకున్నాడా, కింద పడి తలకు దెబ్బ తగిలిందా? ఏదీ చెప్పేవాళ్లుండరు. ఎంఎల్‌సీ రాస్తామంటే కేసు పెడుతున్నామని పారిపోతారు. ఎంఎల్‌సీ అంటే పోలీసులకు వెళ్లే ఆసుపత్రి రికార్డు. అది రాసినంత మాత్రాన తెచ్చినవాడి మీద కేసు అయినట్టు కాదు. రోడ్డు ప్రమాదంలో సాయం చేసినవాళ్లకు మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ రక్షణ ఉంది. రూమ్మేట్‌కి అది వర్తించదు. ఆ రక్షణ ఇవ్వగలిగింది కాలేజీయే.

ఫైనల్_ఇయర్:
వార్డెన్ సార్, మీరు చెప్పిన భయం తాగడాన్ని ఆపలేదు సార్. దాచడం నేర్పింది. సస్పెన్షన్ అంటే మాకు అటెండెన్స్. 75 శాతం ఉండాలి, 65 దాకా మెడికల్ సర్టిఫికెట్ పెట్టి కండోనేషన్, అంటే మినహాయింపు అడగొచ్చు, అంతకన్నా తగ్గితే డిటెయిన్, పరీక్షలు రాయనివ్వరు. అప్పటికే అటెండెన్స్ అంచు మీద ఉన్నవాడికి సెమిస్టర్ మధ్యలో రెండు వారాలు పోతే ఏడాది పోయినట్టే. ఫ్రెండ్‌కి ఆ గతి పట్టించేది నేనే అవుతానేమో అన్న టెన్షన్‌లో ఎవరైనా ఫోన్ తీస్తారా? ఇంకో మాట. కాలేజీ వెనక రోడ్డులో కిరాణా కొట్టులోనే బెల్టుషాపు. వయసెంతని ఎవరూ అడగరు. మా బ్యాగులు వెతుకుతారు గానీ ఆ కొట్టు దాకా ఎవరూ వెళ్లరు.

నెల్లూరు_టీచరమ్మ:
ఆ కొట్టు మూయించడమే అసలు పని. 1992లో సారా మీద తిరగబడ్డ మా నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు ఎవరి రూల్ కోసమూ ఆగలేదు. 1993 అక్టోబరు 1న సారా ఆగింది, 1995లో మొత్తం నిషేధమే వచ్చింది. ఇంటర్ హాస్టళ్ల సంగతి కూడా చూడండి. 18 నిండని పిల్లలకు మందు ఇస్తే బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష దాకా జరిమానా. ఆ సెక్షన్ చెప్పి ఒక్క ఫిర్యాదు రాయమనండి మీ ప్రిన్సిపాల్‌ని.

హాస్టల్_లెక్చరర్:
టీచర్ గారూ, ఆ ఫిర్యాదు నేనే రాస్తాను. కానీ 1997లో ఆ నిషేధం ఎత్తేశారు, బెల్టుషాపు ఇవాళ మూస్తే రేపు ఇంకో సందులో తెరుస్తారు. ఈలోపు పడిపోయేవాడిని ఎవరు చూడాలి?

కరీంనగర్_నాన్న:
మా బిడ్డ కూడా హాస్టల్‌లోనే ఉన్నడు. ఇక్కడ దావత్ అంటే మందు లేకుండా జరగదు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో మద్యం తాగేవాళ్లు తెలంగాణలో 43 శాతం, ఆంధ్రలో 23 శాతం అని వచ్చింది. పెళ్లిళ్లలో మేనమామలే "ఒక్క గ్లాసు బీరుకు ఏం కాదురా" అని పోస్తరు. అందుకే అంతా హాస్టల్ తప్పే అనను. నన్ను అడిగితే సస్పెండ్ చేసినా చేయకపోయినా ఆ రాత్రే నాకు ఫోన్ రావాలి. పిల్లాడు ఐసీయూలో ఉంటే పొద్దున నోటీసు చూసి తెలుసుకోవాల్నా?

ఫైనల్_ఇయర్:
అంకుల్, ఇంటికి ఫోన్ వెళ్తుందంటే సగంమంది మళ్లీ దాస్తారు.

క్యాజువాలిటీ_డాక్టర్:
స్పృహ లేని రోగి ఇంటివాళ్లకు చెప్పకుండా మేం ఉండలేం బాబూ. ఆ ఫోన్ మేం చేస్తాం. ఫిర్యాదులా చేయం, ఎలా ఉన్నాడో చెప్తాం, రమ్మంటాం.

రిటైర్డ్_వార్డెన్:
డాక్టర్ గారి పోస్టు రెండుసార్లు చదివాను. రూమ్మేట్ల విషయంలో మీతో ఏకీభవిస్తాను, వాళ్లను శిక్షించకూడదు. తాగినవాడిని పూర్తిగా వదిలేయడం మాత్రం ఒప్పుకోను. కనీసం కౌన్సెలర్ దగ్గర కూర్చోవాలి, తప్పించుకుంటే అప్పుడు చర్య ఉండాలి. జూనియర్‌కి బలవంతంగా తాగించిన సీనియర్‌కి ఏ మినహాయింపూ వద్దు. అది ర్యాగింగ్, 1997 నుంచి మనకు దానికి ప్రత్యేక చట్టమే ఉంది.

హాస్టల్_లెక్చరర్:
సీనియర్ విషయంలో మీ మాటే నా మాట. కౌన్సెలింగ్ కూడా పెడదాం, కాలేజీలో కౌన్సెలర్ లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది. కానీ దాన్ని శిక్షల జాబితాలో రాయొద్దు సార్, రాస్తే మళ్లీ దాచడమే. కరీంనగర్ అన్నా, ఆ రాత్రి ఫోన్ వస్తుంది, ఆ మాట కూడా రూల్‌లో ఉండాలి. అడ్మిషన్ రోజునే పిల్లలకూ తల్లిదండ్రులకూ కలిపి చదివి వినిపించాలి, అప్పుడు ఎవరూ మోసపోయామనుకోరు.

కమిటీ వచ్చే వారం మళ్లీ కూర్చుంటోంది. డాక్టర్ గారి పోస్టు ప్రింటు తీసుకుని వెళ్తున్నాను. ఆ రూమ్మేట్లిద్దరి సస్పెన్షన్ రద్దు చేసి, పోయిన రోజులకు అటెండెన్స్ ఇవ్వమని ముందు అడుగుతాను. రూల్ రాయడం ఆ తర్వాత.